మోహనం నుంచి భూపాలం దాకా: వెదురు వేణువుపై అర్ధస్వర సాధన

ధనుర్మాసపు వేకువలో ఆలయ మండపాన వేణువు చేతబట్టి భూపాలం వాయించాలని ముచ్చటపడే యువకులు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. వారిలో చాలామంది మోహనరాగాన్ని కొన్ని నెలలలోనే ఇంపుగా పలికిస్తారు. భూపాలం దగ్గరకు వచ్చేసరికి మాత్రం రిషభం మొరాయిస్తుంది, గాంధారం జారిపోతుంది, దైవతం పక్కనున్న హార్మోనియంతో పొసగదు. వేణువు మంచిది కాదని కొందరు, తమకు స్వరజ్ఞానం లేదని మరికొందరు నిరాశపడి వాద్యాన్ని గూటిలో పెట్టేస్తారు. చాలా సందర్భాలలో ఈ రెండూ నిజం కావు. మోహనానికి కావలసిన సాధన ఒకటి, భూపాలానికి కావలసిన సాధన వేరొకటి. ఆ రెండవ సాధనను గురించి ఈ పాఠంలో వివరంగా తెలుసుకుందాం.

మోహనంలో ఉన్నవి షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి దైవతం. భూపాలంలో ఉన్నవి షడ్జం, శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, పంచమం, శుద్ధ దైవతం. రెండు రాగాలలోనూ స్వరాలు ఐదే, పేర్లు కూడా అవే: స, రి, గ, ప, ద. షడ్జ పంచమాలు కదలవు. తక్కిన మూడు స్వరాలూ భూపాలంలో ఒక్కొక్క అర్ధస్వరం చొప్పున కిందికి దిగుతాయి. హార్మోనియం వాయించేవారికి ఇది పెద్ద విషయం కాదు, పక్క మెట్టుపై వేలు పెడితే సరిపోతుంది. వేణువుపై పక్క మెట్టు లేదు.

కర్ణాటక సంగీతంలో వాడే వేణువుకు ముఖరంధ్రం కాక ఎనిమిది రంధ్రాలు ఉంటాయి. ముఖరంధ్రానికి దగ్గరగా ఉన్న మొదటి రెండు రంధ్రాలను మూసి, తక్కినవి తెరిచి ఊదితే షడ్జం పలుకుతుంది. రెండవ రంధ్రంపై ఉన్న ఎడమచేతి మధ్యవేలిని ఎత్తితే చతుశ్శ్రుతి రిషభం. మొదటి రంధ్రంపై ఉన్న చూపుడువేలిని కూడా ఎత్తితే అంతర గాంధారం. ఇలా వేళ్ళను ఒక్కొక్కటిగా పూర్తిగా ఎత్తుతూ పోతే సహజంగా వచ్చే స్వరవరుస హరికాంభోజి, అంటే 28వ మేళం. మోహనం ఆ మేళానికి జన్యం. కనుకనే అది వేణువుపై అంత సులువుగా ఒదుగుతుంది. ఆ సులువులో వేణువు తయారీ పాలు చాలా ఉందని విద్యార్థి గ్రహిస్తే, తరువాతి మెట్టు వద్ద అంతగా కుంగిపోడు.

మన సంగీత విద్యలో తొలి పాఠాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. పురందరదాసులవారు ఏర్పరచినట్లు సంప్రదాయం చెప్పే ఈ పద్ధతి గాత్రానికి ఎంతో అనువైనది. వేణు విద్యార్థికి మాత్రం శుద్ధ రిషభం, శుద్ధ దైవతం మొదటి రోజునే ఎదురవుతాయి. వాటికి వేలిని పూర్తిగా ఎత్తినా కుదరదు, పూర్తిగా మూసినా కుదరదు. గురువు పక్కన లేక తానుగా నేర్చుకునేవారు తెలియకుండానే వేలిని పూర్తిగా ఎత్తేస్తారు. అప్పుడు రిషభ దైవతాలు రెండూ చతుశ్శ్రుతులై, సరళీవరుసలు శంకరాభరణంలో నడుస్తాయి. స్వరం పేరు నోట సరిగానే ఉంటుంది, రాగం మాత్రం 15వ మేళం విడిచి 29వ మేళానికి వెళ్ళిపోతుంది. వినేవారికి అపస్వరమని తోచదు, ఎందుకంటే శంకరాభరణం కూడా చక్కని రాగమే. అందుకే ఈ దోషం ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

వేలిని కొంత ఎత్తి కొంత ఉంచడమనేది కొత్తగా పుట్టిన ఉపాయం కాదు. భరతముని నాట్యశాస్త్రంలో సుషిర వాద్యాలను చెప్పే అధ్యాయంలోనే వేణువుపై వేళ్ళ స్థితులు మూడు విధాలుగా వివరించి ఉన్నాయి. వేలిని పూర్తిగా ఎత్తితే నాలుగు శ్రుతుల స్వరం, వేలిని కంపింపజేస్తే మూడు శ్రుతుల స్వరం, సగం విడిచితే రెండు శ్రుతుల స్వరం అని అందులోని భావం. అంటే వెదురుగొట్టానికి ఉన్న రంధ్రాలెన్ని అనేది ఒక లెక్క, దానిపై పలికే స్వరాలెన్ని అనేది వేరొక లెక్క అని మన పూర్వులు ఎప్పుడో తేల్చారు.

పాశ్చాత్యులు ఈ చిక్కును మరొక విధంగా తీర్చుకున్నారు. మ్యూనిక్ నగరానికి చెందిన థియోబాల్డ్ బోహ్మ్ 1832లోను, మళ్ళీ 1847లోను వేణువును కొత్తగా రూపొందించి, ప్రతి అర్ధస్వరానికి తగిన రంధ్రం పెట్టి, వేళ్ళకు అందని రంధ్రాలను మీటలతో మూసే ఏర్పాటు చేశాడు. నేటి వాద్యబృందాలలో కనిపించే లోహపు ఫ్లూటుకు మూలం అదే. పన్నెండు స్థానాలూ సమంగా, స్పష్టంగా పలకాలన్న వారి అవసరానికి అది గొప్ప పరిష్కారం. మన అవసరం వేరు. మనకు స్వరం ఒక బిందువు దగ్గర నిలిచిపోయేది కాదు. తోడిలో గాంధారం ఊగుతుంది. సావేరిలో రిషభం షడ్జాన్ని ఆనుకుని నడుస్తుంది. రంధ్రం అంచుపై వేలి చర్మం జరిగినప్పుడే ఆ జారు వస్తుంది. వేలికీ రంధ్రానికీ నడుమ మీట అడ్డుపడితే ఆ సౌలభ్యం చాలావరకు పోతుంది. అందుచేత మీటలు లేకపోవడాన్ని మన వేణువుకు లోపంగా నేను భావించను. దానికి చెల్లించే మూల్యం మాత్రం అర్ధస్వర సాధన.

ఈ సాధనలో మొదట వదులుకోవలసినది ‘సగం’ అనే మాట. రంధ్రంలో సరిగ్గా సగం మూస్తే స్వరం సరిగ్గా సగం దిగుతుందని అనుకోవడం సహజం. నిజానికి రంధ్రంలో సగం తెరిచి ఉన్నా గాలి దాదాపు యథేచ్ఛగానే బయటికి పోతుంది, స్వరం కొద్దిగానే తగ్గుతుంది. రంధ్రం ఇంకా మూసుకుపోతున్న కొద్దీ స్వరం వేగంగా దిగుతుంది. కనుక చాలా వేణువులలో శుద్ధ రిషభానికి రంధ్రంలో సగానికన్న ఎక్కువ భాగమే మూయవలసి వస్తుంది. ఎంత అన్నది రంధ్రపు వెడల్పు, వెదురు మందం, వేలి లావు, ఊదే బలం వీటిని బట్టి మారుతుంది. ఒకరి వేణువుపై పనికివచ్చిన కొలత మరొకరి వేణువుపై పనికిరాదు. అందువల్ల వేలి స్థానాన్ని కంటితో చూసి నేర్చుకునే ప్రయత్నం వృథా. చెవితోనే నేర్చుకోవాలి.

వేలిని నిటారుగా పైకెత్తి రంధ్రం మీద గాలిలో నిలిపితే అర్ధస్వరం నిలవదు, వణుకుతుంది. వేలు వెదురును వదలకూడదు. వేలి మెత్తని భాగం రంధ్రంపై ఆని ఉండగానే, దానిని కొద్దిగా పక్కకు దొర్లించి ఒక సన్నని సందు విడవాలి. మొదట తంబురా శ్రుతి పెట్టుకుని షడ్జాన్ని నిలపండి. ఎడమచేతి మధ్యవేలిని అతి నెమ్మదిగా దొర్లిస్తూ చతుశ్శ్రుతి రిషభం దాకా వెళ్ళండి, మళ్ళీ అదే దారిన షడ్జానికి దిగండి. ఈ రాకపోకలో ఎక్కడా స్వరం తెగకూడదు. దారి మొత్తం చెవికి పరిచయమయ్యాక, నడుమ శుద్ధ రిషభం వద్ద ఆగడం నేర్చుకోవాలి. ఆగిన చోట సందు చిన్నది కనుక నాదం కొంత మసకబారుతుంది. ఆ మసకను పోగొట్టాలని బలంగా ఊదితే స్వరం పైకి పోతుంది, బెదిరి ఊపిరి తగ్గిస్తే కిందికి పోతుంది. షడ్జానికి ఊదిన ఊపిరినే చెక్కుచెదరకుండా కొనసాగించడం ఇక్కడి అసలు పరీక్ష.

మిగిలిన చిన్న సవరణ పెదవి చేస్తుంది. వేణువును పెదవి వైపు కొద్దిగా తిప్పితే ముఖరంధ్రం మరికాస్త కప్పబడి స్వరం దిగుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. పెదవి సాయం ఉందికదా అని వేలిపని తగ్గించుకునేవారు ఉన్నారు. అది నిలవదు. వేగంగా స్వరాలు నడిచేటప్పుడు ప్రతి రిషభానికీ తల వంచడం ఎవరి తరం? వేలు స్థానాన్ని దాదాపుగా ఇవ్వాలి, పెదవి దానికి మెరుగు పెట్టాలి.

స్థానం సరైనదా కాదా అని తెలుసుకోవడానికి సంవాదం కన్న నమ్మకమైన కొలత లేదు. షడ్జానికి పంచమం ఎలా సంవాదియో, శుద్ధ రిషభానికి శుద్ధ దైవతం అలాగే సంవాది. మొదట ‘స-రి-స’ అని గొంతుతో పాడి, వెంటనే పంచమాన్ని షడ్జంగా భావించి అదే అంతరంతో ‘ప-ద-ప’ అని పాడండి. రెండూ ఒకే నడకగా వినిపించాలి. తరువాత అదే పని వేణువుపై చేయండి. ఇక్కడ ఒక విశేషం గమనించాలి: రిషభం ఎడమచేతి వేలి పని, దైవతం కుడిచేతి వేలి పని. పంచమం నుంచి దైవతానికి ఎత్తే వేలినే పూర్తిగా ఎత్తక దొర్లించి ఆపాలి. రంధ్రాలు వేరు, వేళ్ళు వేరు, వేళ్ళ బలం కూడా వేరు. వాటిని ఒక్కటిగా కలిపేది చెవి ఒక్కటే. గొంతుతో పాడలేని స్వరాన్ని వేణువుపై వెదకవద్దు.

ఇక మోహనం నుంచి భూపాలానికి వెళ్ళే దారి. ఒక్కసారిగా మూడు స్వరాలనూ దించబోతే గందరగోళమే మిగులుతుంది. నడుమ ఒక మజిలీ ఉంది. అది రేవగుప్తి. అందులో స్వరాలు షడ్జం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, పంచమం, శుద్ధ దైవతం. అంటే మోహనంలో గాంధారాన్ని అలాగే ఉంచి, రిషభ దైవతాలను మాత్రం దించితే రేవగుప్తి స్వరాలు వస్తాయి. పైన చెప్పిన సంవాద పరీక్ష ఈ రెండు స్వరాలకే కనుక, ఇక్కడ సాధన చక్కగా కుదురుతుంది. మొదటి కాలంలో మోహనం ఆరోహణ అవరోహణలు ఒకసారి, రేవగుప్తి ఒకసారి, మళ్ళీ మోహనం ఒకసారి. ఇలా మార్చి మార్చి వాయిస్తే రెండు రిషభాల తేడా వేలికి తెలిసి వస్తుంది. ఒక్క రేవగుప్తినే గంటల తరబడి వాయిస్తే, వేలు తనకు అనువైన ఏదో ఒక చోట స్థిరపడి, అదే శుద్ధ రిషభమని చెవిని కూడా నమ్మించేస్తుంది. మార్చి మార్చి వాయించమనడానికి కారణం అదే.

రేవగుప్తి కుదిరిన తరువాత గాంధారం. సాధారణ గాంధారానికి ఎడమచేతి చూపుడువేలు మొదటి రంధ్రాన్ని కొంత మూయాలి, రెండవ రంధ్రం పూర్తిగా తెరిచి ఉండాలి. ఈ వేలు వేణువు బరువును మోయడంలోనూ పాలుపంచుకుంటుంది కనుక దానికి దొర్లే స్వేచ్ఛ తక్కువ. బొటనవేలి ఆధారం, గడ్డంపై వేణువు ఆనిక సరిగా ఉంటేనే అది తేలికపడుతుంది. దీనిని విడిగా సాధించడానికి శివరంజని ఉపకరిస్తుంది. మోహనంలో గాంధారం ఒక్కదానినే సాధారణ గాంధారంగా మార్చితే శివరంజని స్వరాలు వస్తాయి. సినిమా పాటల పుణ్యమా అని ఆ రాగఛాయ మన పిల్లల చెవిలో ఎలాగూ ఉన్నదే. ఆ పరిచయాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ తరువాతనే భూపాలం. ఇందులో కష్టమైన చోటు రిషభ గాంధారాల మధ్య ఉన్నది. శుద్ధ రిషభం వద్ద మొదటి రంధ్రం పూర్తిగా మూసి, రెండవది కొంత మూసి ఉంటుంది. సాధారణ గాంధారం వద్ద మొదటిది కొంత మూసి, రెండవది పూర్తిగా తెరుచుకుంటుంది. అంటే ఒక అరమూత నుంచి మరొక అరమూతకు రెండు వేళ్ళు ఒకేసారి మారాలి. ‘రి-గ-రి-గ’ అనే రెండు స్వరాలనే కొన్ని వారాలు సాధన చేసినా అది ఎక్కువ కాదు. అక్కడి నుంచి పంచమానికి మరొక గెంతు ఉంది. గాంధారం దాకా వేళ్ళు ఎత్తుకుంటూ వచ్చాము, పంచమానికి అవన్నీ ఒక్కుమ్మడిగా దిగి మూయాలి, ఊపిరిని కొంత బిగించి పై అంతస్తుకు పోవాలి. మోహనంలో ఈ గెంతు అలవాటైనదే. భూపాలంలో మాత్రం బయలుదేరే చోటే అరమూత కనుక, చూపుడువేలు తొందరపడి ముందే మూసుకుపోతుంది. మొదట నెమ్మదిగా, తాళం లేకుండా సాధించడం మేలు.

రంధ్రాన్ని కొంత మూయడమొక్కటే దారి కాదు. పై రంధ్రాన్ని తెరిచి ఉంచి దాని కింది రంధ్రాలను మూస్తే కూడా స్వరం కొంత దిగుతుంది, ఎందుకంటే తెరిచిన రంధ్రం దగ్గరే గాలి కంపనం పూర్తిగా ఆగిపోదు, ఇంకా కిందికి పాకుతుంది. రంధ్రాలు చిన్నవైతే ఈ ప్రభావం ఎక్కువ, పెద్దవైతే తక్కువ. పై స్థాయిలో ఫలితం మరో విధంగా ఉంటుంది. ఇలా వేళ్ళను విడివిడిగా అమర్చే పద్ధతికి కచేరీ వేణువాదనలో పెద్దపీట వేసినవారు టి.ఆర్. మహాలింగం (1926–1986). ‘మాలి’గా ప్రసిద్ధులైన ఆయన గాత్రంలోని గమకాలను వేణువులోకి తెచ్చారు. అంతకుముందే కుంభకోణం శరభశాస్త్రి (1872–1904), చూపు లేకపోయినా, వేణువుకు కచేరీ వేదికపై గౌరవస్థానం సంపాదించారు. చూపు లేని విద్వాంసుడు అర్ధస్వరాలను ఏ ఆధారంతో పట్టి ఉంటారో ఆలోచిస్తే, పైన చెవిని గురించి చెప్పిన మాటలకు వేరే నిదర్శనం అక్కరలేదు.

మన ఆలయాలలోని నాదస్వర విద్వాంసులను గమనించడం కూడా గొప్ప పాఠం. వారి వాద్యానికీ మీటలు లేవు. ఊపిరి ఒత్తిడితో, పీకపై పెదవుల పట్టుతో, వేలిని కొంత జరిపి వారు అర్ధస్వరాలను, గమకాలను సాధిస్తారు. ఊరేగింపులో నడుస్తూ కూడా శుద్ధ రిషభాన్ని నిలపగలవారిని చూసి వేణు విద్యార్థి సిగ్గుపడనక్కరలేదు, దగ్గర కూర్చుని వింటే చాలు.

అనంతపురం జిల్లా కంబదూరు మండలంలోని రాళ్ళపల్లి గ్రామంలో 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అన్నమాచార్య సంకీర్తనలు ఎన్నింటికో స్వరరచన చేసి భక్తలోకానికి అందించారు. 1974లో సంగీత కళానిధి బిరుదు పొందారు. వేణు విద్యార్థులు స్వరపరచిన సంకీర్తనల పుస్తకాలను తెచ్చుకుని వాయించడం సంతోషించదగినదే. అయితే స్వరలిపిలో ‘రి’ అని ఒక్క అక్షరమే ఉంటుంది. అది ఏ రిషభమో పైన రాసిన రాగం పేరు చెబుతుంది. సంకీర్తన మొదలుపెట్టే ముందు ఆ రాగపు ఆరోహణ అవరోహణలను పది నిమిషాలు వాయించి, అరమూతలు ఎక్కడెక్కడ వస్తాయో వేళ్ళకు తెలియజేయడం మంచి అలవాటు.

ఇప్పుడు మన నేలకే ప్రత్యేకమైన ఒక చిక్కు. ఈ పీఠభూమిలో గాలి పొడి, వాన తక్కువ. ఏడాది మొత్తానికి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. వేణువు స్వరం గాలి వేడిమిని బట్టి మారుతుంది. డిసెంబరు వేకువలో 18 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిలో ధ్వని సెకనుకు సుమారు 342 మీటర్లు పోతుంది. వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలలో సుమారు 355 మీటర్లు పోతుంది. తేడా దాదాపు 4 శాతం. ఒక అర్ధస్వరపు అంతరం సుమారు 6 శాతం. వేణువు లోపల మన వెచ్చని ఊపిరి కలిసి ఉంటుంది కనుక ఇంత తేడా పూర్తిగా రాదు. అయినా చలిలో వేణువు శ్రుతి దిగడం, ఎండలో పెరగడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. హార్మోనియం లోహపు రీడ్లు ఇంతగా మారవు. భజనలో వేణువు ఒక్కటే అపశ్రుతిగా వినబడడానికి ఇది ముఖ్య కారణం. అర్ధస్వరాలపై దీని దెబ్బ రెట్టింపు. ఎండవేళ శ్రుతి పెరిగిన వేణువుపై శుద్ధ రిషభం హార్మోనియపు రిషభాలు రెండింటికీ నడుమ ఎక్కడో చిక్కుకుంటుంది.

ధనుర్మాసపు వేకువలో వాయించవలసి ఉంటే వేణువును ముందుగా వస్త్రంలో చుట్టి వెచ్చగా ఉంచండి. మొదటి స్వరానికి ముందు రంధ్రాలన్నీ మూసి, ధ్వని రాకుండా వెచ్చని ఊపిరిని రెండు మూడు నిమిషాలు లోపలికి పంపండి. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాల నాటికే ఎండ ముదురుతుంది. అక్కడినుంచి జ్యేష్ఠం దాకా శ్రుతిపెట్టెనే వేణువుకు అనుగుణంగా సవరించుకోవాలి. హార్మోనియంతోనే కలవవలసి వస్తే, కొద్దిగా తక్కువ శ్రుతి గల రెండవ వేణువు దగ్గర ఉంచుకోవడం ఉత్తమం. శ్రుతి కలవనప్పుడు పెదవితో ప్రతి స్వరాన్నీ లాగుతూ గంటసేపు వాయిస్తే, ఎన్నో వారాలుగా కుదిరిన వేలి స్థానాలు చెదిరిపోతాయి.

పొడిగాలి వెదురును చీలుస్తుంది కూడా. వాయించేటప్పుడు లోపలి గోడ ఊపిరి తేమను పీలుస్తుంది, వెలుపలి గోడ ఎండుతుంది. ఈ రెండింటి పెనుగులాటలో గొట్టం పొడవునా సన్నని పగులు పుడుతుంది. ఆ పగులు కంటికి కనిపించకముందే అరమూత స్వరాలలో బయటపడుతుంది. నిన్నటిదాకా నిలిచిన శుద్ధ దైవతం అకారణంగా గాలిపోతున్నట్లు పలికితే, మీ వేలిని నిందించే ముందు వేణువును వెలుతురులో తిప్పి చూడండి. వాయించిన తరువాత లోపలి తేమను మెత్తని గుడ్డతో తుడవాలి. వేసవిలో వారానికి ఒకసారి కొబ్బరినూనెనో నువ్వులనూనెనో గుడ్డకు అద్ది లోపల పలుచగా పూయాలి. ముఖరంధ్రపు అంచుకు, స్వరరంధ్రాల అంచులకు నూనె తగలకుండా చూడాలి. రెండు కొసలకు, రంధ్రాల నడుమ ఖాళీ చోట్లకు పట్టుదారం బిగించి చుట్టిస్తే పగుళ్ళు చాలావరకు నిలుస్తాయి. ఎండలో నిలిపిన బండి పెట్టెలో మాత్రం వేణువును ఒక్క పూట కూడా ఉంచకండి.